కాటా చీటీ

నార్సింగి హైదరాబాదుకు పడమటి దిక్కున ఉంది. అది రంగారెడ్డి జిల్లా, గండిపేట మండలంలోని ఊరు. ఒకప్పుడు చుట్టూ రాతిగుట్టలు, చేలు ఉండేవి. పక్కనే మూసీ, కాస్త దూరంలో గండిపేట చెరువు.

తరువాత కాలం మారింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాదు దాకా ఔటర్ రింగు రోడ్డు మొదటి ముక్క తెరిచారు. ఆ రోడ్డు నార్సింగి పక్క నుంచే పోతుంది. ఇప్పుడు నగరం చుట్టూ దాని పొడవు 158 కిలోమీటర్లు. 2023లో నార్సింగి దగ్గర కూడా ఔటర్ ఎక్కడానికి, దిగడానికి దారులు వచ్చాయి. అదే ఏడు ఆగస్టులో పక్కనున్న కోకాపేటలో ప్రభుత్వం భూమి వేలం వేసింది. ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది.

అంత ఖరీదైన చోట మేడ లేవాలంటే ముందు గుంత తవ్వాలి. రాయి పగలగొట్టాలి. మట్టి ఎత్తిపోయాలి. కంకర రావాలి. ఇసుక రావాలి. సిమెంటు రావాలి. ఇవన్నీ మోసేవి లారీలు, టిప్పర్లు. వాటిని నడిపేవారిలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే.

అలా వచ్చిన ఒక డ్రైవరు కథ ఇది.

కొత్త డ్రైవరు

అతనిది పాలమూరు వైపు పల్లె. మూడో తరగతిలోనే బడి మానేశాడు. పదేళ్లు లారీ మీద క్లీనరుగా తిరిగాడు. బండి నడపడం బాగా వచ్చింది. కాని లైసెన్సు రాలేదు. ఎందుకంటే లారీ వంటి రవాణా బండ్ల లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలని నియమం ఉండేది.

ఊళ్లో సాక్షర భారత్ కేంద్రం నడిచిన రోజుల్లో అతను రాత్రిపూట వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాడు. అప్పుడు తోటివాళ్లు నవ్వారు. "స్టీరింగు తిప్పేటోనికి చదువెందుకురా?" అన్నారు. అతను మానలేదు. కూడబలుక్కుని చదవడం వచ్చింది. లెక్క రాయడం వచ్చింది.

2019లో కేంద్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి నియమం తీసేసింది. అతను ముందు చిన్న బండి లైసెన్సు తీశాడు. ఏడాది ఆగాడు. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని, పరీక్ష పాసై, పెద్ద బండి లైసెన్సు సంపాదించాడు. నార్సింగి దగ్గర టిప్పర్లు నడిపే ఒక కంపెనీలో పని దొరికింది.

భార్య సద్ది కట్టి ఇచ్చింది. "పైలం" అంది. అతను బస్సు ఎక్కాడు.

సంతకం

కంపెనీ ఆఫీసు ఒక రేకుల షెడ్డు. ముందు పది పన్నెండు టిప్పర్లు నిలబడి ఉన్నాయి. మేనేజరు లైసెన్సు చూశాడు. తరువాత ఒక కాగితం ముందుకు తోశాడు.

"ఈడ సంతకం పెట్టు. అడ్వాన్సు ఐదువేలు తీసుకో. ఇవాళ రాత్రే బండి ఎక్కు" అన్నాడు.

కొత్త డ్రైవరు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "చదువుకుంట సార్" అన్నాడు.

"చదవడానికేముంది? అందరూ పెట్టిన్రు."

"నాకు జర నిదానమైతది సార్. పావుగంట ఇయ్యండి."

మేనేజరు విసుక్కున్నాడు. అతను బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. వేలు పెట్టి ఒక్కొక్క మాట చదివాడు. మూడు సంగతులు కనపడ్డాయి.

ఒకటి. అడ్వాన్సు అంకె రాయవలసిన చోట ఖాళీ ఉంది.

రెండు. అసలు లైసెన్సు ఆఫీసులో ఉంచాలని ఉంది.

మూడు. బండికి ఏ నష్టం జరిగినా మొత్తం డ్రైవరు జీతంలో కోస్తారని ఉంది.

అతను లోపలికి వెళ్లాడు. "సార్, అడ్వాన్సు కాడ ఐదువేలని అంకెలల్ల, అక్షరాలల్ల రాయండి. లైసెన్సు జిరాక్సు ఇస్త. అసలుది నాతోనే ఉండాలె. దారిల పోలీసులు అడిగితే ఏం చూపియ్యాలె? ఇగ నష్టం సంగతి. తప్పు నాదైతే నేను ఒప్పుకుంట. ముందుగాల నా మాట ఇనాలె గద?"

మేనేజరు అతని ముఖం చూశాడు. డ్రైవర్లు దొరకడం కష్టంగా ఉంది. రాత్రికి బండి కదలాలి. అతను కలం తీసి ఖాళీలో "5,000, ఐదు వేలు" అని రాశాడు. లైసెన్సు జిరాక్సు తీసుకున్నాడు. మూడో మాటను మాత్రం కొట్టివేయలేదు. "అది ఓనరు పెట్టింది. నేను మార్చలేను" అన్నాడు. చివరికి దాని కింద "డ్రైవరు చెప్పింది విన్న తరువాత" అని చేర్చాడు.

అప్పుడు కొత్త డ్రైవరు సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని తన ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

బండి చుట్టూ ఒక తిరుగుడు

మొదటి మూడు రోజులు అతనికి తోడుగా ఒక పాత డ్రైవరును పంపారు. ఆయనకు ఏభై దాటాయి. ఇరవై ఐదేళ్లుగా ఇదే పని. అక్షరం ముక్క రాదు. కాని బండి శబ్దం వింటే జబ్బు చెప్పగలడు.

"తమ్మీ, తాళంచెవి పెట్టే ముందు బండి చుట్టూ ఒక్కసారి తిరుగు. తల్లి చంటిపిల్లను చూసినట్టు చూడు" అన్నాడు ఆయన.

ఇద్దరూ తిరిగారు. పాత డ్రైవరు ఒక్కొక్కటే చూపించాడు.

పది టైర్లు చూడాలి. వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడాలి. బండి వేగంగా పోతుంటే ఆ రాయి ఎగిరి వెనక వచ్చే వాని తల పగలగొడుతుంది. చక్రాల నట్లు తట్టి చూడాలి. వెనక ఎర్ర లైట్లు వెలగాలి. మెరిసే స్టిక్కర్ల మీద బురద తుడవాలి. చీకట్లో ఆగిన బండిని వెనకవాడికి చూపించేవి అవే.

ఇంజను నడిపి గాలి మీటరు చూడాలి. పెద్ద బండి బ్రేకు గాలితో పనిచేస్తుంది. గాలి నిండకుండా బండి కదపకూడదు. ఎక్కడన్నా 'సుయ్' మని గాలి పోతున్నదేమో చెవి పెట్టి వినాలి.

"ఇగ ఇటు రా" అని పాత డ్రైవరు అతన్ని సీట్లో కూర్చోబెట్టాడు. తాను దిగి బండికి ఎడమ పక్కన, ముందు చక్రం దగ్గర నిలబడ్డాడు. "నేను కనపడుతున్ననా?" అని అరిచాడు.

కొత్త డ్రైవరు అద్దంలో చూశాడు. కిటికీలోంచి చూశాడు. ఆయన కనపడలేదు.

"నేను కనపడకపోతే స్కూటరోడు ఎట్ల కనపడతడు? పిల్లగాడు ఎట్ల కనపడతడు? ఎడమకు తిప్పేటప్పుడు నిదానం. వెనక్కి తీసేటప్పుడు క్లీనరు దిగి చూడాల్సిందే. ఇగో, ఇంకోటి. టిప్పరు తొట్టి లేపేటప్పుడు ముందుగాల పైకి చూడు. కరెంటు తీగెలు ఉంటయి. కుప్ప పోసినంక తొట్టి పూర్తిగ దిగిందాకా బండి కదపొద్దు."

రాత్రి పని

లారీలకు పగటిపూట రద్దీ వేళల్లో చాలా రోడ్ల మీద అనుమతి ఉండదు. ఏ రోడ్డు మీద ఏ వేళ వద్దో ట్రాఫిక్ పోలీసులు బోర్డు పెడతారు. అందుకే టిప్పర్ల పని ఎక్కువగా రాత్రి.

పాత డ్రైవరు బోర్డులను రంగును బట్టి, చోటును బట్టి గుర్తు పెట్టుకున్నాడు. కొత్త బోర్డు వస్తే ఎవరినైనా అడగాలి. కొత్త డ్రైవరు బోర్డులు చదివాడు. ఎక్కడ వేగం తగ్గించాలో, ఎటు దిగాలో చదివి చెప్పాడు. పాత డ్రైవరు ఏమీ అనలేదు. కాసేపయ్యాక "మంచిగనే చదువుతున్నవ్" అన్నాడు.

ఔటర్ మీద లారీలు ఎడమ వైపు వరసల్లో పోవాలి. గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. ఎక్కడపడితే అక్కడ ఆపకూడదు. చీకట్లో రోడ్డు మీద ఆగిన లారీని వెనక నుంచి కారు గుద్దుకుంటే కారులోవాళ్లు బతకడం కష్టం.

తెల్లవారుజామున మూడు గంటలకు కొత్త డ్రైవరు కళ్లు మండాయి. పాత డ్రైవరు గమనించాడు. "నిద్రతోని కొట్లాడకు. చాయ్ తాగితే నిద్ర పోదు, జరసేపు దాక్కుంటది. ఆపే జాగ చూసి బండి పక్కకు పెట్టు. అర్ధగంట పండు" అన్నాడు. ఇద్దరూ కునుకు తీశారు. ఒక ట్రిప్పు తగ్గింది. ప్రాణం దక్కింది.

కాటా దగ్గర

నాలుగో రోజు కొత్త డ్రైవరు ఒక్కడే క్లీనరుతో బయలుదేరాడు. క్రషరు దగ్గర కంకర పోశారు. బండి కాటా ఎక్కింది. కాటావాడు చీటీ ఇచ్చాడు. అతను లైటు కింద నిలబడి చదివాడు.

మొత్తం బరువు: 33,000 కిలోలు
ఖాళీ బండి బరువు: 11,500 కిలోలు
సరుకు బరువు: 21,500 కిలోలు

అతను బండి కాగితాలు తీశాడు. ఆర్‌సీలో బండికి, సరుకుకు కలిపి 28,000 కిలోలు అని ఉంది. అంటే 5,000 కిలోలు ఎక్కువ. అయిదు టన్నులు!

అతను సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాడు. "సార్, అయిదు టన్నులు ఎక్కువైంది. తీసెయ్యాలె."

"అందరూ తీస్కపోతున్నరు. నీకేంది నొప్పి? ట్రిప్పుకు ఇంత బత్తా ఎక్కువిస్త, పో."

కొత్త డ్రైవరుకు ఇంట్లో అప్పు గుర్తుకు వచ్చింది. బడికి పోయే కూతురు గుర్తుకు వచ్చింది. బత్తా డబ్బు చిన్నదేమీ కాదు. పని పోతే మళ్లీ ఎక్కడ వెతకాలి? అతను చీటీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అంతలో పాత డ్రైవరు బండి కాటా దగ్గరికి వచ్చింది. ఆయన సంగతి విన్నాడు. కొత్త డ్రైవరును పక్కకు తీసుకుపోయాడు.

"తమ్మీ, ఆరేండ్ల కింద నేనూ ఇట్లనే పోయిన. వేరే కంపెనీల. దిగుడు కాడ బ్రేకు తొక్కితే బండి ఆగలే. బ్రేకులు కాగిపోయి పట్టు పోయినయి. మనుషుల మీదికి పోకుండ గోడకు కొట్టిన. కాలు ఇరిగింది. బండి నష్టమని ఎనిమిది నెలలు జీతం కోసిన్రు. అడిగితే కాగితం చూపిచ్చిన్రు. దానిమీద నా వేలిముద్ర ఉండె. ఏం రాసిందో నాకు ఎరుకలే. చీటీల ఎంత బరువు ఉండెనో కూడ నాకు తెల్వదు. చీటీ నా జేబులనే ఉండె."

కొత్త డ్రైవరు మళ్లీ సూపర్‌వైజరు దగ్గరికి నడిచాడు. ఈసారి గొంతు తగ్గించి, నెమ్మదిగా చెప్పాడు.

"సార్, పట్టుకుంటే నడిపినోని మీదా కేసే, నడిపిచ్చినోని మీదా కేసే. ఎవరికన్నా తగిలితే ఈ చీటీ సాక్ష్యం. దీనిమీద తారీకు ఉంది, టైము ఉంది. తీయిస్తే ఇప్పుడే పోత. లేకుంటే తాళంచెవి ఇగో."

సూపర్‌వైజరు తిట్టాడు. ఫోన్లు చేశాడు. గంట గడిచింది. చివరికి లోడరును పిలిచి కంకర తీయించాడు. బండి మళ్లీ కాటా ఎక్కింది. ఈసారి 27,900 కిలోలు. తాడిపత్రి కప్పి, తాడు బిగించి బండి కదిలింది. ఆ రాత్రి అతనికి ఒక ట్రిప్పు పోయింది. రెండు రోజులు మేనేజరు మాట్లాడలేదు. పని మాత్రం పోలేదు.

నెల చివర

కొత్త డ్రైవరు దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. ప్రతి ట్రిప్పు అందులో రాశాడు. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, బరువు, పోసిన డీజిలు. కాటా చీటీలన్నీ దారంతో కుట్టి పెట్టాడు.

నెలాఖరున ఆఫీసు లెక్కలో 47 ట్రిప్పులు అన్నారు. అతని పుస్తకంలో 52 ఉన్నాయి. అతను గొడవ చేయలేదు. చీటీలు బల్ల మీద పరిచాడు. గుమాస్తా లెక్కపెట్టాడు. 52 ఉన్నాయి. అయిదు ట్రిప్పుల బత్తా ఇచ్చారు.

బయట పాత డ్రైవరు నిలబడి ఉన్నాడు. "నాకెన్ని తప్పినయో, ఇరవై ఐదేండ్లల్ల" అన్నాడు. కాసేపు ఊరుకున్నాడు. తరువాత తన జేబులోని చీటీ తీసి, "దీంట్ల మొత్తం బరువు ఏడ ఉంటదో చూపియ్యి" అన్నాడు.

కొత్త డ్రైవరు చూపించాడు. ఆయన ఆ అంకె మీద వేలు పెట్టాడు. రెండు, ఏడు, ఎనిమిది, సున్న, సున్న. ఒక్కొక్కటే పలికాడు.

తెలుసుకోండి

పని గంటలు: మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చట్టం చేశారు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని అది హద్దు పెట్టింది. అయిదు గంటల పని తరువాత కనీసం అర్ధగంట విశ్రాంతి ఇవ్వాలంది. తరువాత దీనిని 2020 నాటి వృత్తి భద్రత చట్టంలో కలిపారు. ఆ కొత్త చట్టం 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. రోజుకు 8 గంటలనే హద్దు అందులోనూ ఉంది.

జీతంలో కోత: 2019 నాటి వేతనాల చట్టం కూడా అదే రోజు నుంచి అమలులోకి వచ్చింది. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. నష్టానికి కోత పెట్టే ముందు కార్మికుడు చెప్పేది వినాలి.

ఎక్కువ బరువు: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎక్కువ బరువుకు జరిమానా 20,000 రూపాయలు. ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు. ఎక్కువ సరుకు దింపిన తరువాతే బండి కదలాలి.

లైసెన్సు: రవాణా బండ్ల లైసెన్సును 5 ఏళ్లకు ఒకసారి కొత్తది చేయించాలి. డిజిలాకర్‌లో, అంటే ఫోనులో ఉన్న లైసెన్సు, ఆర్‌సీ కూడా చెల్లుతాయి.

ప్రమాదం జరిగితే: పారిపోకూడదు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. 108కి ఫోను చేయాలి. పోలీసులకు చెప్పాలి. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా.

బీమా: బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారు ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు కట్టాలి. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షల రూపాయలు వస్తాయి.

చల్లని క్యాబిన్: కొత్తగా తయారయ్యే పెద్ద లారీల్లో డ్రైవరు క్యాబిన్‌కు ఏసీ ఉండాలని నియమం వచ్చింది. పాత బండ్లకు ఇది లేదు.

కొత్త మాటలు

కాటా: బండిని సరుకుతో సహా తూచే పెద్ద త్రాసు
బత్తా: జీతం కాక రోజుకో, ట్రిప్పుకో ఇచ్చే ఖర్చు డబ్బు
ఆర్‌సీ: బండి రిజిస్ట్రేషన్ కాగితం
తాడిపత్రి: సరుకు మీద కప్పే మందపాటి గుడ్డ

లెక్క చేయండి

1. ఒక బండికి, సరుకుకు కలిపి 28,000 కిలోల అనుమతి ఉంది. కాటా మీద 31,000 కిలోలు వచ్చింది. ఎన్ని టన్నులు ఎక్కువ? జరిమానా ఎంత?
2. ట్రిప్పుకు బత్తా 200 రూపాయలు అనుకోండి. లెక్కలో 5 ట్రిప్పులు తప్పితే ఎంత నష్టం? పన్నెండు నెలలు అలాగే తప్పితే ఎంత?

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కొత్త డ్రైవరు కాగితం చదవకుండా సంతకం పెడితే ఏమయ్యేది?
2. సూపర్‌వైజరు ఎక్కువ బత్తా ఇస్తానన్నాడు. మీరైతే ఏం చేసేవారు? ఎందుకు?
3. పాత డ్రైవరుకు వచ్చిన పని ఏమిటి? రానిది ఏమిటి? కొత్త డ్రైవరు ఆయన దగ్గర ఏం నేర్చుకున్నాడు?
4. మీ ఊరి నుంచి బండి నడపడానికి పట్నం పోయినవారు ఉన్నారా? వారి పని గంటలు ఎన్నో అడిగి తెలుసుకోండి.

రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఈ వారం మీరు చేసిన పని, వచ్చిన కూలి, తీసుకున్న అడ్వాన్సు తేదీ వేసి రాయండి. వారం చివర కూడి చూడండి.